పిలకలు గిల్లనివ్వని మనిషి

సత్యనారాయణపేట, బళ్ళారి
1961 సెప్టెంబరు ఆఖరు

చిరంజీవి తమ్ముడు వెంకటకృష్ణయ్యకు అక్క దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద కనుక రాస్తున్నాను. నాన్న క్షేమం, మీ బావ క్షేమం. నేనూ నా టమాటా మొక్కలూ మాత్రం క్షేమంగా లేము.

నాన్న కంటి ఆపరేషను బాగానే జరిగింది. కట్టు విప్పారు. కళ్ళద్దాలు రావడానికి ఇంకా వ్యవధి ఉందట. అందాకా వంగకూడదు, బరువు ఎత్తకూడదు, ఎండలో తిరగకూడదు అని డాక్టరు చెప్పి పంపాడు. ఈ మూడూ ఒకేసారి చెయ్యడానికి వీలున్న చోటు మా ఇంట్లో పెరడు ఒక్కటే. నాన్న పొద్దు పొడిచేసరికి అక్కడ ఉంటున్నాడు.

పక్కింటి హనుమక్క నీకు గుర్తుండే ఉంటుంది. లారీలు నడిపే కోదండరామి భార్య. వాళ్ళు ఈ నేలలో తరతరాలుగా మెట్ట సేద్యం చేసినవాళ్ళు. శ్రావణంలో ఆవిడే నాకు టమాటా నారు ఇచ్చింది. కొళాయి వాళ్ళ పెరట్లో ఉంది, మాకు లేదు. గోడ మీదుగా నీళ్ళు ఆవిడ ఇచ్చేటట్టూ, కాసినవాటిలో సగం నేను ఇచ్చేటట్టూ మాట్లాడుకున్నాం. నాన్న వచ్చేదాకా ఆ ఏర్పాటు చక్కగా సాగింది.

ఇప్పుడు మూడు పూటలా నీళ్ళు పెడుతున్నాడు. మొక్కల చుట్టూ గట్టు వేశాడు, వరిమడికి వేసినట్టు. మొన్న చూస్తే మొదళ్ళన్నీ నీళ్ళల్లో మునిగి ఉన్నాయి. "నాన్నా, అది వరి కాదు" అన్నాను. "నీళ్ళు నిలవకపోతే ఏం పండుద్దే? కాలవ కింద పుట్టినోణ్ణి, నాకు చెబుతున్నావా?" అన్నాడు.

అంతకన్నా పెద్ద రభస పిలకల దగ్గర వచ్చింది. టమాటాకి కాండానికీ ఆకుకూ మధ్య సందులో చిన్న చిన్న కొమ్మలు లేస్తాయి. వాటిని గిల్లేస్తేనే కాయ నిలుస్తుందని హనుమక్క నేర్పింది. నేను గిల్లుతుంటే నాన్న వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పిలక గిల్లుతారటే ఎవరన్నా? ఎన్ని పిలకలు లేస్తే అన్ని కంకులు గదా. చేతులెట్టా వచ్చినయ్యే నీకు?" అన్నాడు. వరి పిలకేస్తే ఆయనకు పండగ అని నాకూ తెలుసు. ఆ పండగ నా పెరట్లో చెయ్యాలా? నేను వంటింట్లోకి పోగానే, గిల్లి పారేసిన పిలకలన్నీ తడుముకుంటూ ఏరి మళ్ళీ నాటాడు. అవి బతికాయి కూడా. మొక్కలు రెట్టింపయ్యాయి. కాయ మాట దేవుడెరుగు.

నువ్వు దసరాకు వచ్చి తీసుకుపోతావని, కోతల నాటికి ఇంటి దగ్గర ఉంటానని ఆయన ఆశ పెట్టుకున్నాడు. నేను అంతకన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నాను. ఎప్పుడు వస్తావో తిరుగు టపాలో రాయి.

నీ అక్క
పున్నమ్మ


హచ్చొళ్ళి
1961 అక్టోబరు

అక్కయ్యకు నమస్కారాలు.

ఉత్తరం చదివి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. పిలకలు మళ్ళీ నాటాడంటే ఆరోగ్యం కుదుటపడినట్టే.

దసరాకు రావడం పడదు. వానలకు రేగడి బాటలు బురదయ్యాయి, బండి దిగబడుతోంది. ఎడమ ఎద్దు కుంటుతోంది. దీపావళి వెళ్ళాక చూద్దాం. అయినా అద్దాలు రాకుండా ఇక్కడికి రావడం మంచిది కాదు. ఇక్కడికి వస్తే ఊరుకుంటాడా? తెల్లారకముందే తూము దగ్గరికి పోతాడు. గట్టు మీద కాలు జారితే చేయించిన ఆపరేషనంతా వృథా.

టమాటాలేగా అక్కా, పోతే పోనీ. ఆయన చేతికి ఏదో ఒక పని ఉండాలి. నీకు కావాలంటే సిరుగుప్ప సంతలో కొని బస్సులో వేయిస్తాను.

ఇక్కడ పొలం పనులు మామూలే. నాన్నకు అన్నీ బాగున్నాయని చెప్పు.

నీ తమ్ముడు
వెంకటకృష్ణయ్య


సత్యనారాయణపేట, బళ్ళారి
1961 నవంబరు

తమ్ముడికి దీవెనలు.

టమాటాలేగా అని ఎంత తేలిగ్గా రాశావురా. నువ్వు ఇక్కడ ఒక్క పూట ఉండి చూడు.

మీ దగ్గర నుంచి వచ్చేటప్పుడు నాన్న పంచెల మడతల మధ్య అమ్మోనియా ఎరువు మూట కట్టుకుని తెచ్చుకున్నాడు. నాకిన్నాళ్ళూ ఆ వాసన ఎక్కడిదో అర్థం కాలేదు, ఆసుపత్రి మందు అనుకున్నాను. అది తెచ్చి మొక్కలకు గుమ్మరించాడు. ఇప్పుడు నా పెరట్లో అడవి మొలిచింది. మొక్కలు గోడ దాటాయి. ఆకు నల్లగా, చేతికి మందంగా ఉంది. పూత వస్తుంది, వచ్చింది వచ్చినట్టే రాలుతుంది. మీ బావ ఆఫీసు నుంచి వచ్చి ఆ అడవిని చూసి, పప్పులో ఆకు వేసుకోవచ్చేమో కనుక్కో అన్నాడు. ఆ మనిషితో కూడా నాకు అదే వరస.

నిన్న హనుమక్క గోడ మీదుగా తొంగి చూసి నాన్నను పట్టుకుంది.

"ఏందప్పా ఇది, టమాటా చెట్లా, మేకల మేతా? నీళ్ళు సాకప్పా సాకు, చాలు. చెట్టుకు రవ్వంత దప్పిక తెలియల్ల. అప్పుడే దానికి కాయ మీదికి బుద్ధి పోతాది."

"దప్పిక పెట్టి పెంచుతారా ఎవరన్నా? పసరమైనా, మొక్కైనా?" అన్నాడు నాన్న.

"మేం అట్లే పెంచినాం, మా జొన్ననీ, మా పిల్లోళ్ళనీ. బాగానే ఉండారు. నీ మాదిరి పోస్తా ఉంటే మా ఇంట్లో తాగేదానికి ఉండల్ల గదప్పా. రేపట్నించి ఈ నళ నీళ్ళు ఈడ లేవు. యాడన్నా తెచ్చుకో."

అన్నట్టే ఇవాళ కొళాయికి గుడ్డ చుట్టి తాడు బిగించింది. కాయల్లో సగం ఇస్తానన్నదాన్ని, ఆకులు చూపించి ఏం మొహం పెట్టుకుని అడగను?

ఇక అసలు సంగతి. నాన్న రోజూ పల్లపు చేను గురించి అడుగుతున్నాడు. నాట్లు పడకముందే వచ్చేశాను, ఎట్టా పడ్డాయో, పొట్టకొచ్చిందో, ఈనిందో అని ఒకటే ఆరాటం. నీ ఉత్తరం చదివి వినిపించమన్నాడు. పొలం ముక్క వచ్చేసరికి ఆపి, "మామూలే అంటే ఏందే? వాడు ఎద్దు కాలు గురించి రాశాడు, చేను గురించి రాయలేదే?" అన్నాడు. ఆయన అన్నాక నాకూ అనుమానం వచ్చింది. ఇదివరకు నీ ఉత్తరాల్లో వరి తప్ప మరొకటి ఉండేది కాదు, చదవలేక విసుగొచ్చేది.

ఆయనకు అద్దాల మీదే ధ్యాస. "పోయిన ఎండాకాలం ఆ చేను నిండా తెలుపే కనపడింది అమ్మాయ్. పొర అని తమ్ముడు చెప్పబట్టి ఆపరేషనుకి ఒప్పుకున్నా. అద్దాలు రానీ, కోతల్లో నా చేను నేను సుబ్బరంగా చూసుకుంటా" అని ఎదురైన ప్రతివాళ్ళకీ చెబుతున్నాడు.

నువ్వేదో దాస్తున్నావు. నాకు చెప్పకపోతే నేనే ఆయన్ని బస్సెక్కించి తీసుకొస్తాను.

నీ అక్క
పున్నమ్మ


హచ్చొళ్ళి
1961 నవంబరు ఆఖరు

అక్కయ్యకు,

బస్సు ఎక్కించకు. చెబుతున్నాను. ఇది నువ్వు ఒక్కదానివే చదువుకో.

ఆ తెలుపు పొర కాదు. ఉప్పు.

పల్లపు చేను చవుడు బారింది. కాలవ వచ్చినప్పటి నుంచి నాన్న అందులో నీళ్ళు నిలగడుతూనే ఉన్నాడు. ఈ రేగడిలో నీళ్ళు కిందికి ఇంకిపోవు. అడుగున ఉన్న ఉప్పంతా పైకి లేచింది. వేసవిలో చేను మీద పిండి చల్లినట్టుంది. గట్టు మీద నిలబడి చేతులడ్డం పెట్టుకుని చూస్తూ, "ఏందిరా, తెల్లగా ఉందే?" అని అడిగాడు.  నోటికి ఏదొస్తే అది అన్నాను. "నీ కళ్ళు నాన్నా, పొర ముదిరింది" అన్నాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని ఇంటికి వచ్చాడు. పొర నిజంగానే ఉంది కాబట్టి సరిపోయింది.

రేపల్లె వైపు చవుడు నేలలు చూస్తూ పెరిగిన మనిషి. కళ్ళు బాగుంటే ఆ క్షణమే కనిపెట్టేవాడు. అక్కడి మాగాణి అమ్ముకుని వచ్చాడు. ఒక్కడే రాలేదు, ఆయన మాట మీద మన ఊరి కుటుంబాలు కూడా వచ్చి ఈ కాలవ కింద దిగాయి. ఇప్పుడు వాళ్ళ చేల అంచులు కూడా తెల్లబడుతున్నాయి. ఇది ఆయనకు తెలిస్తే ఆ గట్టు మీదే కూలబడతాడు. నేను చూడలేను.

తాలూకా వ్యవసాయ అధికారి వచ్చి చూశాడు. పల్లంలో వరి మానెయ్యమన్నాడు, వచ్చే వానలకు పచ్చిరొట్టగా జీలుగ చల్లి కలియదున్నమన్నాడు. తూము మూసేశాను. ఈ ఏడు ఆ చేలో గింజ లేదు. నాన్న ఇక్కడ ఉంటే తూము తెరవకుండా ఉంటాడా? వంగకూడదని డాక్టరు చెబితేనే వినని మనిషి నా మాట వింటాడా? నువ్వు టమాటాలకు ఏడుస్తున్నావు, నేను చేనుకు ఏడుస్తున్నాను. ఏదో ఒకటి చెప్పి వచ్చే వానాకాలం దాకా అక్కడే ఉంచు. కోతలు తొందరగా అయిపోయాయని చెప్పు.

వెంకటకృష్ణయ్య


సత్యనారాయణపేట, బళ్ళారి
1961 డిసెంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. పెట్టాక కూడా కోపం తగ్గలేదు. చేను చెడితే చెడిందని చెప్పాలి. కన్నతండ్రికి నీ కళ్ళే చెడ్డాయని చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? పైగా నన్ను అందులోకి లాగావు. నేను ఒప్పుకున్నానని అనుకోకు. నోరు మూసుకున్నాను, అంతే.

కోతలు అయిపోయాయని చెప్పాను. అబద్ధం చెబుతూ పప్పు మాడగొట్టాను. ఆయన వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "నేను లేకుండా కోతలు జరగటం ఇదే మొదలు" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "ఎంత దిగిందిట?" అని అడిగాడు. తమ్ముడు ఇంకా రాయలేదని చెప్పి పెరట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ ఆ టమాటాలు. ఇంట్లో ఆయన, పెరట్లో అవి. నేను ఎక్కడికి పోవాలో నువ్వే చెప్పు.

కళ్ళద్దాలు వచ్చాయి. సోడాబుడ్డి అడుగులంత మందంగా ఉన్నాయి. పెట్టుకున్న రోజు ఇల్లంతా తిరిగి ప్రతిదీ చూశాడు. గోడ బీట, దూలానికి చెదలు, మీ బావ చొక్కా చిరుగు, అన్నీ పట్టుకున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, "నీకు తల నెరిసిందేమే? ఎప్పుడు?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి ముందు నిలబడి అబద్ధాలాడుతున్నానురా నేను.

హనుమక్క కొళాయి తాడు విప్పలేదు. నాన్నేమో మా పెరటి బావిలోంచి తోడి పోస్తున్నాడు. అవి ఉప్పు నీళ్ళు, మేము బట్టలకు తప్ప వాడం. "ఆ నీళ్ళు చెట్లకు బేడప్పా, వద్దు" అని హనుమక్క గోడ మీద నుంచి అరిచింది. "కాస్త ఉప్పనైతే ఏం, నీళ్ళు నీళ్ళే" అని ఈయన ఇంకో బిందె పోశాడు. నాకు తగువు పెట్టుకునే ఓపిక లేదు. ఉన్న పూత కూడా రాలింది. ఎక్కడో ఆకుల అడుగున గోళీ అంత కాయ ఒకటి నిలిచింది. దానికి ఆయన గుడ్డపీలికతో ఊతం కట్టి, రోజూ అద్దాలు తుడుచుకుని మరీ చూస్తున్నాడు.

నువ్వు వచ్చి నీ నోటితో నిజం చెప్పు. త్వరగా రా.

పున్నమ్మ


సత్యనారాయణపేట, బళ్ళారి
1962 జనవరి

తమ్ముడూ,

ఈ ఉత్తరం కంటే ముందు నాన్నే నిన్ను చేరతాడేమో.

నిన్న పొద్దున పెరట్లోంచి పిలిచాడు. వెళ్ళేసరికి పీట మీద కూర్చుని టమాటా మడి వంక చూస్తున్నాడు. మడి ఆరి, మట్టి మీద తెల్లగా పేరుకుంది. ఆకుల అంచులు మాడాయి. అద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఈడ తెల్లగా ఉందా? నాకే కనపడతందా?" అన్నాడు.

నిన్ను అంత తిట్టినదాన్ని, నేనూ అదే పని చేశాను. దీపావళికి గోడకు వేసిన సున్నం రాలిందని చెప్పాను. ఆయన చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు.

"సున్నం ఉప్పగా ఉండదే" అన్నాడు.

ఆయనకు పల్లపు చేలో తెలుపు గుర్తొచ్చినట్టుంది. "వాడికి తెలుసా?" అని అడిగాడు. నేను వంగి మాడిన ఆకులు ఏరడం మొదలుపెట్టాను. "నీకూ తెలుసన్నమాట" అని లేచి, మడి గట్టును కాలితో పడగొట్టి లోపలికి వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది. రోజంతా నన్నొక్క మాట అనలేదు, అన్నం మాత్రం తిన్నాడు. ఇవాళ మీ బావ ఎంత చెప్పినా వినకుండా సిరుగుప్ప బస్సెక్కాడు. మంచాన పడతాడేమోనని నాకు భయంగా ఉంది. పక్కనే ఉండు. ఎలా ఉన్నాడో వెంటనే రాయి.

పున్నమ్మ


హచ్చొళ్ళి
1962 జనవరి ఆఖరు

అక్కయ్యకు,

కంగారు పడకు. నాన్న మంచాన పడలేదు. ఊళ్ళో మిగతా అందరం పడేటట్టున్నాం.

ఆ రోజు బస్సు దిగి ఇంటికి రాలేదు. సంచి చేత్తో పట్టుకుని నేరుగా పల్లపు చేనుకు పోయాడు. కాలవ మీద నీళ్ళు చూసే తాయప్ప పరుగెత్తుకొచ్చి, "మీ నాయన చేన్లో నిలబడుకోనుండాడు, మాట్లాడడు, పలకడు, బిరీన రాప్పా" అన్నాడు. నేను పోయేసరికి చేను నడిమధ్య, ఆ తెలుపులో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, "కళ్ళు బాగానే ఉన్నయ్‌రా" అన్నాడు.

 తల వంచుకుని, తూము మూసేశానని మాత్రం చెప్పాను. దాంతో తిట్లు మొదలెట్టాడు. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

"మూసి? ఉన్న ఉప్పు యాడికి పోద్ది, నీ నెత్తి మీదికా? మురుగు కాలవ ఏదిరా?"

నిజమే అక్కా. మన వైపు ప్రతి చేనుకూ నీళ్ళు వచ్చే కాలవ ఒకటి, మురుగు పోయే కాలవ ఒకటి ఉంటాయి. ఇక్కడికి వచ్చాక వచ్చే కాలవ చూసుకుని మురిసిపోయాం. పోయేదాని సంగతి ఎవరికీ పట్టలేదు. ఆయనకూ పట్టలేదు. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు.

సాయంత్రం మన ఊరి వాళ్ళందరినీ మా అరుగు దగ్గరికి పిలిపించాడు. వద్దన్నాను. నన్ను పక్కకు నెట్టాడు. "నా చేను చవుడు బారింది. మీవి కూడా దోవలో ఉన్నయ్. నా మాట మీద వచ్చారు, ఇప్పుడు నా మాట మీదే దిగువన కాలవ తవ్వండి. ముందు నా చేలోంచి పోనీండి" అన్నాడు. మనతో వచ్చినవాళ్ళలో పెదబాబు లేచి నానా మాటలూ అన్నాడు, నువ్వు మమ్మల్ని తెచ్చి ఉప్పులో పడేశావని. నాన్న అన్నీ విని, "రేపు పార తెచ్చుకో" అన్నాడు. పెదబాబు మర్నాడు అందరికన్నా ముందు వచ్చాడు.

ఇప్పుడు వాగుదాకా తవ్వుతున్నాం. నా చేతులు బొబ్బలెక్కాయి. డాక్టరు బరువు ఎత్తకూడదన్నాడని చెబితే, నేనెత్తటంలేదు, నువ్వెత్తు అంటున్నాడు. నాతో వేరే మాట లేదు. పార ఇయ్యి, పక్కకు జరుగు, ఇంతే. తోడు ఉండమన్నావు కదా, ఉన్నాను, రోజంతా తిట్లు తింటున్నాను.

నీకు తానే రాస్తానన్నాడు.

వెంకటకృష్ణయ్య


హచ్చొళ్ళి
1962 ఫిబ్రవరి

అమ్మాయి పున్నమ్మకు మీ నాన్న రాసేది.

అద్దాలు పెట్టుకుని నేనే రాస్తున్నాను. అక్షరాలు లావుగా ఉంటే నవ్వకు. అల్లుణ్ణి చొక్కా కుట్టించుకోమను.

టమాటా మడి అట్లాగే వదిలేసి వచ్చాను. మిగిలిన గట్టు కూడా తీసెయ్యి. దిగువన గోడ వారగా చిన్న బోదె తవ్వు. హనుమక్కను నళ నీళ్ళు అడుగు. నేను అడిగానని, ఆవిడ చెప్పింది నేను విననందుకు తప్పు నాదేనని చెప్పు. ఆ మంచినీళ్ళు మడి నిండా పెట్టి, బోదెలోంచి బయటికి పోనియ్యి. మళ్ళీ పెట్టు, మళ్ళీ పోనియ్యి. నాలిక మీద వేసి చూడు, ఉప్పదనం పోయిందాకా చెయ్యి. ఆ తర్వాత నీళ్ళు మానెయ్. పొద్దున పూట కూడా ఆకు వాడి కనపడితేనే పెట్టు. ఎరువు వద్దు. మూటలో మిగిలింది తమ్ముడికి పంపు.

మేము ఇక్కడ చేస్తున్నదీ అదే. కాలవ తవ్వటం అయింది. నిన్న తూము నేనే తెరిచాను. నీళ్ళు చేను మీదికి ఎక్కి, దిగువ కాలవలోకి దిగినయ్. చేతిలోకి తీసుకుని నోట్లో పోసుకున్నా. ఉప్పు కషాయం. అది పోతా ఉంటే చూస్తా నిలబడ్డా. బాగయ్యేసరికి ఏళ్ళు పడుద్ది. పడనియ్యి.

మీ ఇద్దరి సంగతి. వాడు పొర అన్నాడు, నువ్వు సున్నం అన్నావు. నేను విరిగిపోతానని భయపడి అన్నారు, ప్రేమ లేక కాదు, నాకు తెలుసు. అయినా కోపం పోలేదు. ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టినప్పుడు నాకు చాలా భయం వేసింది అమ్మాయ్. ఎవరికీ చెప్పలేదు. లేచాక నా చేను పచ్చగా కనపడుద్దని ఊరుకున్నా. ఇకమీదట ఏదన్నా చెడితే చెడిందని నాతో చెప్పండి. నా కళ్ళ మీదికి తోయకండి.

గుడ్డపీలిక కట్టిన కాయ పండితే నువ్వు కొయ్యకు, హనుమక్కను పిలిచి కోయించు. తర్వాత కాసినవాటిలో సగం ముందు ఆవిడకిచ్చి, మిగిలినవే మీరు తినండి.

పిలకలు నువ్వే గిల్లెయ్. ఇప్పుడే గిల్లెయ్, నేను ఈసారి వచ్చేలోపు. నేను అక్కడ ఉంటే గిల్లనివ్వను.

మీ నాన్న
పిచ్చయ్య